రెండు గ్రాఫిక్స్ కార్డులను సరిగ్గా పోల్చడం ఎలా? స్పెసిఫికేషన్ల నుంచి కొలతల దాకా

"ఈ రెండు కార్డుల్లో ఏది తీసుకోమంటారు?" అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. ప్రతిసారీ కార్డుల పేర్లు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. ఒక పేరు చెప్పేస్తే అడిగిన ఒక్కరికే పని జరుగుతుంది. పోల్చే పద్ధతి తెలిస్తే ఎప్పుడు ఏ కొత్త కార్డు వచ్చినా ఎవరికి వారే తేల్చుకోవచ్చు. అందుకే ఆ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెబుతాను. స్పెసిఫికేషన్ల పట్టిక చూస్తే కార్డు హద్దులు తెలుస్తాయి. మీ పనిలో అది ఎంత వేగంగా నడుస్తుందో మాత్రం కొలిస్తేనే తెలుస్తుంది. రెండూ కావాలి, అదీ ఈ వరుసలోనే.

ఉదాహరణకు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 (12 జీబీ), ఆర్‌టీఎక్స్ 4060 (8 జీబీ) తీసుకుందాం. మొదటిది 2021లో, రెండోది 2023లో వచ్చాయి. పాతదాంట్లో కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), మెమరీ ఎక్కువ. కొత్తదాంట్లో క్లాక్ వేగం (ఆ కోర్లు పనిచేసే వేగం), క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ) ఎక్కువ. పోలికలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఈ జంటలోనే కనిపిస్తాయి.

## 1. ముందు మీ అవసరం కాగితం మీద పెట్టండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా పట్టికలు తెరుస్తారు. అప్పుడు ఏ అంకె ముఖ్యమో, దేన్ని వదిలేయాలో తెలియక టెన్షన్ పడతారు. కార్డు పేరు వెతకడానికి ముందే ఇవి రాసుకోండి:

- మానిటర్ రిజల్యూషన్ (1080పీ, 1440పీ, 4కే), రిఫ్రెష్ రేటు (60, 144, 165 హెర్ట్జ్)
- మీరు నిజంగా ఆడే నాలుగైదు ఆటలు, లేదా నిజంగా వాడే సాఫ్ట్‌వేర్
- ప్రాసెసర్ మోడల్, ర్యామ్ ఎంత, ఎంత వేగం
- మదర్‌బోర్డ్ స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0నా, 4.0నా, 5.0నా
- పవర్ సప్లై ఎన్ని వాట్లు, దాని నుంచి ఎలాంటి కనెక్టర్లు వస్తున్నాయి
- క్యాబినెట్‌లో కార్డుకు ఉన్న పొడవు, మందం (టేపుతో కొలవండి, అంచనా వేయొద్దు)
- కార్డును ఎన్నేళ్లు వాడాలనుకుంటున్నారు

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఏడాదిలో మార్చేసే మనిషికీ, అయిదేళ్లు లాగాలనుకునే మనిషికీ మెమరీ విషయంలో జవాబులు వేరుగా వస్తాయి.

## 2. రెండు కార్డుల పూర్తి పేరు తేల్చుకోండి

ఒకే పేరుతో వేర్వేరు కార్డులు అమ్ముడవుతాయి. ఇక్కడ పొరబడితే ఆ తర్వాత చేసే పోలికంతా వృథా.

జీటీ 1030నే చూడండి. అది జీడీడీఆర్5 మెమరీతోనూ వచ్చింది, మామూలు డీడీఆర్4 మెమరీతోనూ వచ్చింది. మొదటిదాని మెమరీ బ్యాండ్‌విడ్త్ (మెమరీకీ చిప్‌కూ మధ్య డేటా కదిలే వేగం) సెకనుకు 48 జీబీ. రెండోదానిది 17 జీబీ కూడా లేదు. పెట్టె మీద పేరు మాత్రం ఒక్కటే.

జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ రకాలున్నాయి. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు గానీ కోర్ల సంఖ్య కూడా వేరు: 3 జీబీ దాంట్లో 1152, 6 జీబీ దాంట్లో 1280. ఆర్‌టీఎక్స్ 3060కీ తర్వాత 8 జీబీ రకం వచ్చింది. దాని మెమరీ బస్ (మెమరీకీ చిప్‌కూ మధ్య ఉండే దారి వెడల్పు) 192 బిట్ల నుంచి 128 బిట్లకు తగ్గింది, బ్యాండ్‌విడ్త్ సెకనుకు 360 జీబీ నుంచి 240 జీబీకి పడిపోయింది.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16384 కోర్లు, 24 జీబీ మెమరీ ఉంటే, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లో ఉన్నవి 9728 కోర్లు, 16 జీబీ. పైగా ఒకే చిప్‌కు ఒక్కో ల్యాప్‌టాప్ తయారీదారు ఒక్కో పవర్ పరిమితి పెడతారు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో చిప్ పేరుతో పాటు దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో కూడా తెలిసి తీరాలి.

కార్డు మీ దగ్గరే ఉంటే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడపండి. చిప్ పేరు, కోర్లు, బస్ విడ్త్, మెమరీ రకం, అన్నీ ఒకే కిటికీలో కనిపిస్తాయి.

## 3. స్పెసిఫికేషన్లు పక్కపక్కన రాయండి

మన జంట వివరాలు ఇవి. ప్రతి వరుసలో మొదటిది 3060, రెండోది 4060.

- కోర్లు: 3584 / 3072
- బూస్ట్ క్లాక్: 1.78 / 2.46 గిగాహెర్ట్జ్
- మెమరీ: 12 జీబీ / 8 జీబీ (రెండూ జీడీడీఆర్6)
- మెమరీ బస్: 192 / 128 బిట్లు
- మెమరీ వేగం: ఒక్కో పిన్‌కు సెకనుకు 15 / 17 గిగాబిట్లు
- ఎల్2 క్యాష్: 3 ఎంబీ / 24 ఎంబీ
- పీసీఐ ఎక్స్‌ప్రెస్: 4.0, 16 లేన్లు / 4.0, 8 లేన్లు
- పవర్: 170 / 115 వాట్లు

ఇప్పుడు ఒక్కో వరుసను ఎలా చదవాలో చూద్దాం.

### 3.1 కోర్లు, క్లాక్, టెరాఫ్లాప్స్

టెరాఫ్లాప్స్ అంటే కార్డు సెకనుకు ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదో చెప్పే అంకె. దాని లెక్క సులభం: కోర్లు × గిగాహెర్ట్జ్‌లో క్లాక్ × 2, వచ్చినదాన్ని 1000తో భాగించాలి. 3060కి సుమారు 12.7, 4060కి సుమారు 15.1 వస్తాయి. కోర్లు తక్కువైనా క్లాక్ వల్ల 4060 ముందుంది.

ఈ అంకెను ఒకే తరం, ఒకే కంపెనీ కార్డుల మధ్య మాత్రమే నమ్మండి. ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి 4352 కోర్లు, 13.4 టెరాఫ్లాప్స్. ఆర్‌టీఎక్స్ 3070కి 5888 కోర్లు, 20.3 టెరాఫ్లాప్స్. అంకెల ప్రకారం 3070 యాభై శాతం వేగంగా ఉండాలి. ఆటల్లో చూస్తే రెండూ దాదాపు సమానం. 3070 చెందిన ఆంపియర్ తరంలో ఒక్కో బ్లాక్‌లో దశాంశ లెక్కలు చేసే యూనిట్లను ఎన్విడియా రెట్టింపు చేసింది గానీ, వాటిలో సగం పూర్ణాంక లెక్కలు కూడా చేయాలి. అందుకే ఆటల్లో ఆ రెట్టింపు మొత్తం కనిపించదు.

కంపెనీ మారితే లెక్క ఇంకా తప్పుతుంది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 7600కి కాగితం మీద 21కి పైగా టెరాఫ్లాప్స్ ఉన్నాయి. 15.1 ఉన్న 4060తో మామూలు ఆటల్లో అది దగ్గర దగ్గరగానే నడుస్తుంది.

### 3.2 మెమరీ బ్యాండ్‌విడ్త్

సూత్రం: బస్ విడ్త్ × పిన్ వేగం ÷ 8.

3060కి 192 × 15 ÷ 8 = సెకనుకు 360 జీబీ. 4060కి 128 × 17 ÷ 8 = సెకనుకు 272 జీబీ. పాత కార్డే ముందుంది.

అయితే 4060లో ఎల్2 క్యాష్ ఎనిమిది రెట్లు పెద్దది. తరచూ కావాల్సిన డేటా చిప్‌లోనే దొరికితే బయటి మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. ఆర్‌ఎక్స్ 7600లోని 32 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్ చేసే పనీ ఇదే. రిజల్యూషన్ పెరిగేకొద్దీ క్యాష్‌లో పట్టే భాగం తగ్గి, బస్ ఇరుకు బయటపడుతుంది. కాబట్టి 128 బిట్ల కార్డును 1080పీలో చూసి "4కేలో కూడా ఇంతే తేడా ఉంటుంది" అని లెక్కేయకండి. మీ రిజల్యూషన్‌లో కొలిచిన ఫలితమే చూడండి.

### 3.3 మెమరీ ఎంత ఉంది

మెమరీ సరిపోయినంత కాలం 8 జీబీకీ 12 జీబీకీ తేడా ఏమీ తెలియదు. చాలకపోతే మాత్రం ఒక్కసారిగా తెలుస్తుంది. డేటా సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగి, ప్రతిసారీ పీసీఐ దారిలో తిరిగి రావాల్సి వస్తుంది. ఆట కుదుపులతో నడుస్తుంది. కొన్ని ఆటలు కుదుపులు రాకుండా గుట్టుగా తక్కువ నాణ్యత టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) వేస్తాయి. అప్పుడు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె బాగానే ఉంటుంది, బొమ్మ మసకబారుతుంది. అందుకే అంకెతో పాటు తెర కూడా చూడాలి.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే "వాడిన మెమరీ" చాలాసార్లు ఆట ముందుగా పట్టి పెట్టుకున్న మెమరీ. 12 జీబీ కార్డు మీద 9 జీబీ చూపిస్తే, ఆ ఆటకు 9 జీబీ కచ్చితంగా కావాలని అర్థం కాదు. 8 జీబీ కార్డు మీద అదే సెట్టింగ్‌లో ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) ఎగిరిపడుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

### 3.4 పీసీఐ లేన్లు

కార్డుకూ మదర్‌బోర్డ్‌కూ మధ్య డేటా వెళ్లే వరుసలే లేన్లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0లో ఒక్కో లేన్ సెకనుకు ఇంచుమించు 2 జీబీ, 3.0లో 1 జీబీ మోస్తుంది. 4060 వాడేది 8 లేన్లే. 4.0 బోర్డులో దానికి సుమారు 16 జీబీ దారి ఉంటుంది, 3.0 బోర్డులో పెడితే 8 జీబీ దారే మిగులుతుంది. మెమరీ సరిపోతున్నంత వరకూ నష్టం తక్కువే. పొంగడం మొదలైతే ఎక్కువ.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో నాలుగే లేన్లు, 4 జీబీ మెమరీ. దాన్ని 3.0 బోర్డులో పెడితే దెబ్బ స్పష్టంగా కనిపిస్తుంది. పాత మదర్‌బోర్డ్ ఉన్నవాళ్లు ఈ వరుసను దాటేయకూడదు.

### 3.5 పవర్

స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టర్ నుంచి 75, ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150 వాట్లు తీసుకోవచ్చని ప్రమాణాలు చెబుతాయి. మీ పవర్ సప్లైలో అవసరమైన కనెక్టర్ లేకపోతే ఆ ఖర్చు కూడా కార్డు ధరకు కలపండి.

### 3.6 పట్టికలో చివర్న ఉండే ఫీచర్లు

వీటిని అంకెల్లోకి కలపకుండా విడిగా "ఉంది, లేదు" అని రాసుకోండి.

- ఏవీ1 వీడియో ఎన్‌కోడర్ (వీడియోను ఏవీ1 రకంలో కుదించి తయారు చేసే భాగం): 4060లో ఉంది, 3060లో లేదు (3060 ఏవీ1 వీడియోను చూపించగలదు, తయారు చేయలేదు)
- డీఎల్‌ఎస్‌ఎస్ అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసే ఎన్విడియా సాంకేతికత): రెండింట్లో ఉంది
- డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కొత్తవి కల్పించడం): 4060లో ఉంది, 3060లో లేదు
- మీ మానిటర్‌కు కావాల్సిన హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్లు

లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకు మొదటి వరుస ముఖ్యం. ఆటలు మాత్రమే ఆడేవాళ్లు దానికోసం డబ్బు పెట్టనక్కర్లేదు. ఎన్‌కోడర్ అన్ని కార్డుల్లోనూ ఉంటుందని మాత్రం అనుకోకండి. 6500 ఎక్స్‌టీలో హార్డ్‌వేర్ ఎన్‌కోడరే లేదు.

## 4. ఇతరులు చేసిన పరీక్షలను జల్లెడ పట్టండి

రెండు కార్డులూ చేతిలో ఉండి కొలిచే అవకాశం అందరికీ ఉండదు. అప్పుడు రివ్యూలే ఆధారం. రివ్యూ తెరిచాక గ్రాఫ్‌ల కన్నా ముందు పరీక్ష పద్ధతి రాసిన పేజీ చదవండి. ఆ పేజీ లేని రివ్యూను నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఒక రివ్యూ పనికొస్తుందో లేదో తేల్చే చెక్‌లిస్ట్:

- రెండు కార్డులనూ ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్‌తో పరీక్షించారా?
- డ్రైవర్ (కార్డును విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్, తేదీ చెప్పారా? పాత కార్డు అంకెలు ఏడాది కిందటివా, మళ్లీ కొలిచినవా?
- రిజల్యూషన్, సెట్టింగ్, రే ట్రేసింగ్ (వెలుగు దారులను లెక్కేసి బొమ్మ గీసే పద్ధతి), అప్‌స్కేలింగ్ వివరాలు ఉన్నాయా?
- సగటు ఎఫ్‌పీఎస్‌తో పాటు "1 శాతం లో" (1% low, అంటే అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల దగ్గరి ఎఫ్‌పీఎస్) ఇచ్చారా?
- ఆటలోని బెంచ్‌మార్క్ (ఆటతో పాటే వచ్చే వేగ పరీక్ష) నడిపారా, ఆడుతూ కొలిచారా?

కనీసం మూడు వేర్వేరు చోట్ల చూడండి. కానీ ఒక చోట 3060 అంకె, ఇంకో చోట 4060 అంకె తీసుకుని పక్కపక్కన పెట్టకండి. ప్రాసెసర్, సీన్, డ్రైవర్ అన్నీ వేరై ఉంటాయి. ఒక్కో రివ్యూ లోపల రెండు కార్డుల నిష్పత్తి లెక్కేసి, ఆ నిష్పత్తులను పోల్చండి.

తెరను రెండుగా చీల్చి ఎఫ్‌పీఎస్ పరిగెత్తించే వీడియోలుంటాయి. కార్డులు ఎక్కడా చూపించకుండా, పద్ధతి చెప్పకుండా అంకెలు మాత్రమే వేసేవాటిని పక్కన పెట్టండి. ఆ అంకెలు ఎవరైనా టైప్ చేసి వేయొచ్చు.

ఇక 3డీమార్క్ లాంటి సింథటిక్ స్కోర్లు, అంటే ఆటలు కాకుండా కొలవడానికే తయారైన పరీక్షల స్కోర్లు. మీ కార్డు అదే మోడల్ ఉన్న మిగతావాళ్ల కార్డులతో సమానంగా నడుస్తోందా అని చూసుకోవడానికి ఇవి చక్కగా పనికొస్తాయి. రెండు వేర్వేరు కంపెనీల కార్డుల్లో మీ ఆటకు ఏది మంచిదో చెప్పడానికి చాలవు.

## 5. మీరే కొలుస్తుంటే: తయారీ

స్నేహితుడి కార్డు తెచ్చుకున్నా, తిరిగి ఇచ్చే గడువులో కొత్తది పరీక్షిస్తున్నా, నియమం ఒక్కటే. కార్డు తప్ప ఇంకేదీ మారకూడదు.

1. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగుల తెర) ర్యామ్ ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్), రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకోనిచ్చే సెట్టింగ్) రెండు పరీక్షలకూ ఒకేలా ఉంచండి. ఇంటెల్ ఆర్క్ కార్డుకైతే రీసైజబుల్ బార్ తప్పనిసరి. అది లేకపోతే పనితీరు బాగా పడిపోతుంది.
2. విండోస్ అప్‌డేట్లు పూర్తి చేసి, పరీక్ష ముగిసే దాకా ఆపి ఉంచండి.
3. ఎన్విడియా నుంచి ఏఎమ్‌డీకి, లేదా అటు నుంచి ఇటు మారుతుంటే డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి. తర్వాత కొత్త డ్రైవర్ వేయండి.
4. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్ రేటుకు కట్టేసే సెట్టింగ్), ఆటలోని ఫ్రేమ్ లిమిట్, డ్రైవర్‌లోని ఫ్రేమ్ లిమిట్ మూడూ ఆపండి.
5. బ్రౌజర్, డౌన్‌లోడ్లు, ఓవర్‌లేలు (ఆట మీద తేలే చాట్ లాంటి కిటికీలు) మూసేయండి.
6. క్యాబినెట్ తలుపు రెండు పరీక్షల్లోనూ ఒకే స్థితిలో ఉంచండి. ఒకసారి తెరిచి, ఒకసారి మూసి కొలిస్తే వేడి వేరు, క్లాక్ వేరు.
7. ఫ్రేమ్ టైమ్ రికార్డు చేయడానికి క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లేదా ప్రెజెంట్‌మాన్, ఉష్ణోగ్రత, పవర్ చూడటానికి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సిద్ధం చేసుకోండి.

## 6. కొలిచే వరుస

1. ఆట సెట్టింగులు స్క్రీన్‌షాట్ తీయండి. కార్డు మారిస్తే కొన్ని ఆటలు సెట్టింగులను వాటంతటవే మార్చేస్తాయి. రెండో కార్డు పెట్టాక ఆ స్క్రీన్‌షాట్‌తో సరిచూడండి.
2. అప్‌స్కేలింగ్, ఫ్రేమ్ జనరేషన్ లేకుండా మొదలుపెట్టండి.
3. పది నిమిషాలు ఆడి కార్డును వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు క్లాక్ ఎక్కువ ఉంటుంది, ఆ అంకె నిలవదు.
4. ఒకే సేవ్ ఫైల్, ఒకే దారి, 60 సెకన్లు. జనం, పొగ, నీళ్లు లాంటివి ఎక్కువగా ఉన్న బరువైన సీన్ ఎంచుకోండి.
5. మొదటి పరుగు వదిలేయండి. షేడర్లు (రంగు, వెలుగు లెక్కేసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ కుదుపులు వస్తాయి.
6. తర్వాత మూడు పరుగులు కొలవండి. మూడింటి మధ్య తేడా 3 శాతం దాటితే ఏదో అడ్డుపడుతోంది. అదేంటో చూసి మళ్లీ చేయండి.
7. ప్రతి పరుగులో జీపీయూ వినియోగం, చిప్ ఉష్ణోగ్రత, పవర్ రాసుకోండి.
8. కార్డు మార్చి, అన్నీ అదే వరుసలో మళ్లీ.

ఏడో అంశంలోని జీపీయూ వినియోగం దగ్గర ఆగండి. అది 95 శాతం పైన ఉంటే మీరు కార్డును కొలుస్తున్నారు. 60, 70 దగ్గర తిరుగుతుంటే, ఫ్రేమ్ లిమిట్ లేదని ఖాయమైతే, ప్రాసెసర్‌ను కొలుస్తున్నట్టు. ఆ స్థితిలో రెండు కార్డులూ ఒకే ఎఫ్‌పీఎస్ ఇస్తాయి, "తేడా ఏమీ లేదు" అనే తప్పు నిర్ణయానికి వస్తారు. రిజల్యూషన్ లేదా గ్రాఫిక్స్ సెట్టింగ్ పెంచి మళ్లీ కొలవండి.

అయితే మీరు ఆడేదే ఆ తక్కువ సెట్టింగ్‌లో అయితే, ప్రాసెసర్ ఆపేస్తున్న ఆ అంకే మీకు నిజం. అప్పుడు కొత్త కార్డు వల్ల లాభం ఉండదు. డ్రైవర్ భారం (కార్డు డ్రైవర్ ప్రాసెసర్ మీద వేసే పని) కూడా ఇక్కడే బయటపడుతుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 వేగమైన ప్రాసెసర్లతో బాగా నడిచింది. పాత ప్రాసెసర్లతో చూస్తే చాలా ఆటల్లో వెనకబడింది. ఎక్కువ రివ్యూలు ఖరీదైన ప్రాసెసర్‌తో చేస్తారు కాబట్టి, పాత సిస్టమ్ ఉన్నవాళ్లు తమ ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్నదానితో చేసిన పరీక్ష వెతుక్కోవాలి.

## 7. అంకెలను లెక్కగట్టడం

సగటు ఒక్కటే చూడొద్దు. రెండు కార్డులు సెకనుకు 60 ఫ్రేములు ఇస్తున్నాయి అనుకుందాం. మొదటిదాంట్లో ప్రతి ఫ్రేమ్‌కూ 16.7 మిల్లీసెకన్లు పడుతోంది. రెండోదాంట్లో 58 ఫ్రేములు 13.8 మిల్లీసెకన్లలో వచ్చి, రెండు ఫ్రేములు మాత్రం 100 మిల్లీసెకన్ల చొప్పున ఆగిపోయాయి. ఎఫ్‌పీఎస్ మీటర్ రెండింటికీ 60 అనే చూపిస్తుంది. ఆడేవాడికి మొదటిది నీళ్లలా సాగుతుంది, రెండోది సెకనుకు రెండుసార్లు తడబడుతుంది. 1 శాతం లో, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ చూస్తేనే ఇది దొరుకుతుంది.

1 శాతం లోను అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా లెక్కించవు. కొన్ని అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల సగటు తీస్తాయి, కొన్ని ఆ సరిహద్దు దగ్గరి ఫ్రేమ్‌ను తీసుకుంటాయి. రెండు కార్డులకూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడండి.

ఆటలన్నిటి ఎఫ్‌పీఎస్ కూడి భాగించొద్దు. చిన్న లెక్క చూడండి. ఒక బరువైన ఆటలో ఏ కార్డు 100, బీ కార్డు 110 ఇచ్చాయి. ఒక తేలికైన ఆటలో ఏ 400, బీ 360. కూడి సగటు తీస్తే ఏకి 250, బీకి 235; బీ 6 శాతం వెనకబడినట్టు ఉంటుంది. నిజానికి ఒక ఆటలో బీ 10 శాతం ముందు, ఇంకోదాంట్లో 10 శాతం వెనక. పెద్ద అంకెలున్న ఆట మొత్తం సగటును లాగేసింది.

సరైన దారి: ఒక్కో ఆటకు బీ ÷ ఏ నిష్పత్తి తీయండి (1.10, 0.90). వాటిని గుణించి, ఎన్ని ఆటలుంటే అన్నో మూలం తీయండి. ఇక్కడ 0.99 వర్గమూలం సుమారు 0.995. అంటే రెండూ సమానం. స్ప్రెడ్‌షీట్‌లలో దీనికి జియోమీన్ అనే ఫంక్షన్ ఉంటుంది.

శాతం దిశ చూడండి. 80 నుంచి 100కి వెళ్తే 25 శాతం ఎక్కువ. అదే 100 నుంచి 80కి చూస్తే 20 శాతం తక్కువ. ఒక రివ్యూ ఒకలా, ఇంకోటి ఇంకోలా రాస్తే తేడా మారినట్టు కనిపిస్తుంది. ఎప్పుడూ ఒకే కార్డును ఆధారంగా పెట్టుకోండి.

ఫ్రేమ్ జనరేషన్ అంకెలు వేరే పట్టికలో. ఆ సాంకేతికత మధ్యలో ఫ్రేములు కల్పించి తెర మీద కదలికను సాఫీ చేస్తుంది. మౌస్ కదిపినప్పుడు ఆట స్పందించే వేగం మాత్రం పెరగదు, కొద్దిగా తగ్గుతుంది కూడా. 3060 మామూలు 50 ఎఫ్‌పీఎస్‌నూ, 4060 ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చిన 90నూ ఒకే గ్రాఫ్‌లో చూపిస్తే అది పోలిక అనిపించుకోదు. అప్‌స్కేలింగ్ కూడా అంతే: క్వాలిటీ మోడ్‌ను క్వాలిటీ మోడ్‌తోనే పోల్చి, రెండు బొమ్మలనూ కళ్లతో చూడండి.

## 8. ఆటలు కాకుండా వేరే పనులుంటే

ఇక్కడ వరుస తలకిందులవుతుంది. మొదటి ప్రశ్న వేగం గురించి అడగొద్దు. "మీ సాఫ్ట్‌వేర్ ఈ కార్డు మీద నడుస్తుందా?" అని అడగండి. క్యూడా (కార్డు మీద లెక్కలు నడిపే ఎన్విడియా వేదిక) కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కు ఎన్విడియా కార్డే కావాలి. అలాంటి పనికి ఏఎమ్‌డీ ఇచ్చే ఆర్‌ఓసీఎమ్‌కు సపోర్ట్ ఉన్న కార్డుల జాబితా పరిమితం, కొనేముందు ఆ జాబితాలో మీ మోడల్ చూసుకోండి.

రెండో ప్రశ్న మెమరీ. ఏఐ మోడల్‌ను సొంత కంప్యూటర్ మీద నడపాలంటే అది కార్డు మెమరీలో పట్టాలి. 10 జీబీ తీసుకునే మోడల్ 3060లో మొత్తం పడుతుంది. 4060లో పట్టదు, కొంత భాగం సిస్టమ్ ర్యామ్‌లోకి వెళ్లి వేగం కుప్పకూలుతుంది. పట్టిన మోడల్ విషయంలో కూడా, భాషా మోడళ్లు ఒక్కో పదం తయారు చేసే వేగం ఎక్కువగా మెమరీ బ్యాండ్‌విడ్త్ మీదే ఆధారపడుతుంది. అక్కడ 360, 272 అనే అంకెలు నేరుగా పనికొస్తాయి. ఆటల్లో ఓడిపోయే పాత కార్డు ఈ పనిలో గెలుస్తుంది.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు దాని సొంత బెంచ్‌మార్క్ ఉంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు తమ ప్రాజెక్టునే రెండు కార్డుల మీద ఎక్స్‌పోర్ట్ చేసి గడియారం చూసుకోవడం కన్నా మంచి పరీక్ష లేదు.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు

పేరులోని అంకె పెద్దదైతే కార్డు గొప్పదనుకోవడం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ పేర్లలో మొదటి భాగం తరం, చివరి రెండు అంకెలు ఆ తరంలో స్థాయి. కొత్త తరం కింది స్థాయి కార్డు పాత తరం పై స్థాయి కార్డు కన్నా తప్పకుండా వేగంగా ఉండాలని లేదు. కొలతలు చూడండి.

కొత్త కార్డు పెట్టాక వేగం పెరగలేదని దాన్నే తప్పుపట్టడం. ముందు మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కు కాకుండా కార్డుకే తగిలించారా చూడండి. జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ వరుస చూసి, లోడ్ పెట్టినప్పుడు లేన్లు పూర్తిగా పనిచేస్తున్నాయో చూడండి. కార్డును కింది స్లాట్‌లో పెడితే చాలా బోర్డుల్లో లేన్లు తగ్గిపోతాయి.

ఒకే చిప్ కదా అని చవక కూలర్, మంచి కూలర్ ఒకటే అనుకోవడం. ఎఫ్‌పీఎస్ తేడా కొద్దిగానే ఉండొచ్చు, శబ్దం, వేడి మాత్రం బాగా మారతాయి. మీరు కొనబోయే ఆ ఒక్క మోడల్ రివ్యూ విడిగా వెతకండి.

2, 3 శాతం తేడా మీద వాదించడం. అంత తేడా ఒకే కార్డు రెండు పరుగుల మధ్య కూడా వస్తుంది. 5 శాతం లోపు తేడాను సమానంగా రాసుకోండి. అప్పుడు మెమరీ, పవర్, శబ్దం, వారంటీ నిర్ణయిస్తాయి.

## 10. నిర్ణయం

మీ ఆటల సగటు నిష్పత్తి వచ్చాక, ఒక్కో కార్డు ధరను మీ రిజల్యూషన్‌లో అది ఇచ్చే సగటు ఎఫ్‌పీఎస్‌తో భాగించండి. ఒక్కో ఫ్రేమ్ ఎంతకు పడుతోందో తెలుస్తుంది. పవర్ సప్లై మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ముందే కలపండి.

మన జంటలో నా తీర్పు ఇది. 1080పీలో ఆటలు, స్ట్రీమింగ్, చిన్న పవర్ సప్లై ఉంటే 4060. తక్కువ కరెంటుతో ఎక్కువ ఫ్రేములు ఇస్తుంది. ఏఐ, త్రీడీ రెండరింగ్‌లో పెద్ద సీన్లు, లేదా టెక్స్‌చర్లు ఎప్పుడూ అత్యధికంగా పెట్టుకుని చాలా ఏళ్లు వాడే ఆలోచన ఉంటే 3060 12 జీబీ. 1440పీలో కొత్త ఆటలు హై సెట్టింగ్‌లో కావాలంటే ఈ రెండింట్లో దేన్నీ ఎంచుకోను, పై స్థాయిలో వెతకమంటాను.

కార్డు చేతికొచ్చాక తిరిగి ఇచ్చే గడువు లోపలే ఇవి చూసుకోండి:

- జీపీయూ-జెడ్‌లో కోర్లు, మెమరీ, బస్ విడ్త్ మీరు రాసుకున్న పట్టికతో సరిపోతున్నాయా
- అరగంట బరువైన ఆట నడిపితే తెర మీద మచ్చలు, గీతలు, హఠాత్తుగా ఆగిపోవడం లాంటివి లేవా
- అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయా, గరగర శబ్దం ఉందా
- ప్రతి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ పనిచేస్తోందా
- 3డీమార్క్ స్కోర్ అదే మోడల్ సగటుకు దగ్గరగా ఉందా

సెకండ్ హ్యాండ్ కార్డైతే ఈ పరీక్షలన్నీ డబ్బు ఇచ్చే ముందే, అమ్మేవాళ్ల సిస్టమ్ మీదే చేయించండి. సీరియల్ నంబర్ స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే వారంటీ దొరకదనుకునే ధర మాట్లాడండి.